పది రోజులు... ఒక్క డైలాగూ లేదు!

“పది రోజులు సెలవు కావాలి సార్” అన్నాను.

మా ఎడిటర్‌గారు కళ్ళజోడు పైకి తోసుకుని, “ఏ ఔట్‌డోర్‌కి?” అన్నారు.

“నాగార్జునసాగర్ రోడ్డుకి.”

“అక్కడ ఎవరి షూటింగయ్యా, నాకు తెలీకుండా?”

“షూటింగ్ కాదు సార్, ధ్యానం. పది రోజులు ఎవరితోనూ మాట్లాడకూడదు. ఫోను కూడా తీసేసుకుంటారు.”

ఆయన నవ్విన నవ్వుకి పక్క గదిలోంచి ప్రూఫ్ రీడర్ తొంగి చూశాడు. “నువ్వు! మాట్లాడకుండా! రెండో రోజుకి గోడ దూకి వస్తావు. కావాలంటే బిర్యానీ పందెం” అన్నారు. ‘సరే’ అన్నాను. పందెం ఎవరు గెలిచారన్నది చివర్లో చెబుతాను. ముందు అసలు ఎందుకెళ్ళానో చెప్పాలి. అది మాత్రం నవ్వుకునే విషయం కాదు.

ఒక సాయంత్రం ఆసుపత్రిలో...

మా నాన్నగారు తెనాలిలో ఒక థియేటర్లో ప్రొజెక్టర్ ఆపరేటరు. మీరు ఈలలు వేసి, కాగితాలు చల్లి చూసే బొమ్మని వెనకనుంచి వేసే మనిషన్నమాట! ముప్పయ్యేళ్ళు ఆ క్యాబిన్‌లోనే గడిపారు. ఆ రోజుల్లో వెలుగు కోసం కార్బన్ కడ్డీలు కాల్చేవారు. ఆ వేడికి, ఆ పొగకి ఆయన చొక్కాలన్నీ ఒకే వాసన వేసేవి. తర్వాత డిజిటల్ వచ్చింది. రీళ్ళు పోయాయి, ఆయన ఇంటికొచ్చేశారు.

మూడేళ్ళ క్రితం ఆయనకి ఆయాసం ఎక్కువై ఆసుపత్రిలో చేర్పించాం. నేను హైదరాబాదునుంచి వెళ్ళాను. ఆ రోజు శుక్రవారం! ఒక పెద్ద సినిమా రిలీజు. మంచం పక్కనే స్టూలు మీద కూర్చుని, ఫోన్లో ఆ సినిమా మొదటి ఆట సంగతులు టైపు చేస్తున్నాను. అమ్మ ఫ్లాస్కు పట్టుకుని కాఫీకి కిందికెళ్ళింది. నాన్నగారు నావైపు తిరిగి ఏదో అన్నారు. తల ఎత్తలేదు. “ఆఁ... అలాగే నాన్నగారూ” అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు.

తెల్లవారుజామున పోయారు.

కర్మకాండ అంతా అయ్యాక అమ్మ అడిగింది. “ఆ సాయంత్రం నేను కాఫీ తీసుకొస్తూంటే గుమ్మంలోంచి చూశాను. నీతో ఏదో చెబుతున్నారు. ఏం చెప్పారు నాన్నా?” అని.

నేనేం చెప్పాలి? వినలేదని చెప్పాలా? “నిన్ను జాగ్రత్తగా చూసుకోమన్నారమ్మా” అన్నాను. అమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది.

అది మొదలు నాకు నిద్ర పోయింది. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేది. అదే గది, అదే స్టూలు, అదే ఫోను! ఎన్ని రీటేకులు తీసినా ఆ షాటులో ఆయన పెదవులు కదులుతాయి గానీ సౌండ్ రాదు.

మేకప్ కుర్చీ పక్కన

ఇండస్ట్రీలో ఒక పెద్ద మేకప్‌మేన్ ఉన్నారు. పేరు రాయొద్దన్నారు, రాయను. షాటుకీ షాటుకీ మధ్య లొకేషన్‌లో ఎంత గోల ఉంటుందో మీకు తెలుసు. జనరేటర్ మోత, అసిస్టెంట్ల కేకలు, టీ గ్లాసుల చప్పుడు. ఆయన మాత్రం ఓ మూల ప్లాస్టిక్ కుర్చీలో వెన్ను నిటారుగా పెట్టి కూర్చునేవారు. కునికిపాట్లేమో అనుకునేవాణ్ణి. తీరా చూస్తే “టచప్!” అని వినబడగానే పౌడరు పఫ్‌తో అందరికంటే ముందుండేది ఆయనే.

ఒకరోజు నా ముఖం చూసి, “ఏం బాబూ, కళ్ళకింద ఈ నలుపు? నా డబ్బాలో ఉన్న రంగులకి ఇది దాగదే!” అన్నారు. ఎవరికీ చెప్పనిది ఆయనకి చెప్పేశాను. ఆయన ఓదార్చలేదు. “విపశ్యన అని ఉంది. పది రోజులు. వెళ్ళిరా బాబూ. నిద్ర కోసం మాత్రం వెళ్ళకు” అన్నారంతే.

నిద్ర కోసం వెళ్ళొద్దనడమేమిటి? ఆ మాట వెనక ఒక కథ ఉందని తర్వాత తెలిసింది.

తలనొప్పి తెచ్చిన గురువు

సత్యనారాయణ్ గోయెంకా 1924లో బర్మాలోని మాండలేలో పుట్టారు. పూర్వీకులు మనదేశంనుంచి వెళ్ళినవాళ్ళు. పెద్ద వ్యాపారం. కానీ భరించలేని పార్శ్వపు తలనొప్పి! మార్ఫిన్ ఇంజెక్షన్లదాకా వెళ్ళింది వ్యవహారం. 1955లో ఎవరో చెబితే రంగూన్‌లో సయాజీ ఊ బా ఖిన్ అనే ఆయన దగ్గరికెళ్ళారు. ఆయన సన్యాసి కాదు సుమండీ! బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్. పగలు లెక్కలు, తక్కిన వేళల్లో ధ్యానం నేర్పడం. తలనొప్పి తగ్గించుకోవడానికి వచ్చానంటే ఆయన ముందు చేర్చుకోనేలేదట. మనసు శుభ్రం చేసుకోవడానికైతే రా, తలనొప్పి దానంతటదే తోక ముడుస్తుంది అన్నది ఆయన లెక్క.

గోయెంకా 14 ఏళ్ళు అక్కడ నేర్చుకుని 1969లో భారతదేశం వచ్చారు. 1976లో హైదరాబాదులో ‘ధమ్మఖేత్త’ మొదలైంది. మన నాగార్జునసాగర్ రోడ్డులో, కుసుమ్‌నగర్ దగ్గర. అదే ఏడు మహారాష్ట్రలోని ఇగత్‌పురిలో పెద్ద కేంద్రం వెలిసింది. 2013 సెప్టెంబరులో ఆయన కన్నుమూసేనాటికి ప్రపంచమంతటా కేంద్రాలున్నాయి.

ఫీజెంత అంటారా? ఏమీ లేదు! భోజనం, బస అన్నీ ఉచితమే. కోర్సు పూర్తిచేసినవాళ్ళు తర్వాతివాళ్ళ కోసం ఇచ్చే విరాళంతోనే నడుస్తుంది. కోర్సు పూర్తిచేయనివాళ్ళు ఇస్తామన్నా తీసుకోరు. అంటే నేను తిన్న అన్నం ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు పెట్టిందన్నమాట!

కాల్‌షీటు ఇదీ

గేటు దగ్గర ఫోను, పుస్తకాలు, పెన్ను అన్నీ ఇచ్చేయాలి. విలేఖరి దగ్గర పెన్ను లాక్కోవడం కంటే శిక్ష ఉంటుందా? మగవాళ్ళకీ ఆడవాళ్ళకీ వేర్వేరు ఆవరణలు. అయిదు నియమాలు: జీవహింస, దొంగతనం, లైంగిక సంబంధం, అబద్ధం, మత్తు... అయిదూ కూడదు. ‘అబద్ధం’ దగ్గర నాకు గుండె కలుక్కుమంది. అయినా మాటే లేనప్పుడు అబద్ధం ఎక్కణ్ణుంచి వస్తుందిలే అని సరిపెట్టుకున్నాను. ఆ మౌనానికి ‘ఆర్యమౌనం’ అని పేరు. నోటితోనే కాదు, సైగలూ చూపులూ కూడా బంద్!

తెల్లవారుజామున 4 గంటలకి గంట. 4:30కల్లా కూర్చోవాలి. ఉదయం టిఫిను, 11కి భోజనం. సాయంత్రం 5కి కొత్తవాళ్ళకి టీ, పళ్ళు. రాత్రి భోజనం లేదు. రాత్రి 7కి రికార్డయిన గోయెంకాగారి ప్రసంగం. 9:30కి దీపాలార్పేస్తారు. మొత్తం మీద రోజుకి పది గంటలకు పైగా కూర్చోవడమే! ఏ హీరో ఇస్తాడండీ ఇలాంటి కాల్‌షీటు?

ఇంతకీ చేయాల్సిందేమిటి? మొదటి మూడు రోజులూ ఒక్కటే పని. ముక్కు దగ్గర ఊపిరి లోపలికి వస్తోంది, బయటికి పోతోంది... అది గమనించడం. దీన్ని ‘ఆనాపాన’ అంటారు. ప్రాణాయామం కాదు, ఊపిరిని లాగడం, బిగపట్టడం లేవు. మంత్రం లేదు, రూపం లేదు. వస్తున్నదాన్ని వస్తున్నట్టు చూడటమే.

‘ఓస్, ఇంతేనా!’ అనుకున్నాను. మూడు ఊపిర్లు చూశానో లేదో నాలుగోదానికి నేను ఫిలింనగర్‌లో ఉన్నాను! వెనక్కి లాక్కొచ్చాను. ఈసారి తెనాలిలో తేలాను. మళ్ళీ లాక్కొచ్చాను. ఈసారి ఏదో అవార్డు ఫంక్షన్ వేదిక మీద, నాకే సన్మానం!

అప్పుడు అర్థమైంది. మన మనసు అనే డైరెక్టరుకి రెండే రెండు వచ్చు. ఒకటి ఫ్లాష్‌బ్యాక్, రెండోది డ్రీమ్‌సాంగ్. అయిపోయినదాన్ని తిప్పి తిప్పి చూపిస్తాడు, లేకపోతే రాబోయేదాన్ని రంగుల సెట్టింగులతో చూపిస్తాడు. అసలు కథ, అంటే ఇప్పుడు ఇక్కడ నడుస్తున్న సీను, ఆయన స్క్రీన్‌ప్లేలోనే లేదు!

ఇది నా ఒక్కడి జబ్బనుకునేరు. 2010లో హార్వర్డ్ పరిశోధకులు ఇద్దరు 2,250 మందిని వాళ్ళ ఫోన్ల ద్వారానే వేళకానివేళ పలకరించి, ‘ఇప్పుడేం చేస్తున్నారు, మనసెక్కడుంది?’ అని అడిగారు. దాదాపు 47 శాతం సార్లు మనసు చేస్తున్న పని మీద లేదు. అలా లేనప్పుడు జనం తక్కువ సంతోషంగా ఉన్నారని కూడా తేలింది. అంటే మన జీవితం అనే సినిమాలో సగానికి మనమే థియేటర్లో లేము!

గోడ ఎత్తు చూసిన రోజు

రెండో రోజు మధ్యాహ్నం మోకాళ్ళు నిప్పుల్లో పెట్టినట్టున్నాయి. పక్కాయన ఊపిరి చప్పుడు నాకు శత్రువైపోయింది. బయటికొచ్చి నిజంగానే గోడ ఎత్తు కొలుచుకున్నాను. మా ఎడిటర్‌గారి నవ్వు చెవుల్లో మోగింది. బిర్యానీ కోసం కాదుగానీ ఆ నవ్వు కోసం ఆగిపోయాను. మనిషిని నిలబెట్టేవి ఒక్కోసారి ఇలాంటి చిన్న కారణాలే!

నాలుగో రోజునుంచి అసలు విపశ్యన. విపశ్యన అంటే ఉన్నదాన్ని ఉన్నట్టు ప్రత్యేకంగా చూడటం. తలనుంచి కాలివేళ్ళదాకా ఒంట్లో ఏ చోట ఏం తెలుస్తోందో చూసుకుంటూ పోవాలి. వేడి, దురద, నొప్పి, పులకరింత... ఏదైనా సరే. బాగుంటే ‘ఇంకా కావాలి’ అనకూడదు, బాగాలేకపోతే ‘పో’ అనకూడదు. రోజుకి మూడుసార్లు గంటసేపు కదలకుండా కూర్చునే ‘అధిష్ఠానం’ కూడా ఆ రోజునుంచే మొదలు.

చెబితే నమ్మరు గానీ, ముక్కు మీద దురదని గోక్కోకుండా చూశాను. అది పెరిగింది, మండింది... ఇక చచ్చిపోతాననుకునేలోపల మాయమైపోయింది. బుద్ధుడు ‘అనిత్యం’ అన్నాడని చిన్నప్పుడు సాంఘికశాస్త్రంలో బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నాను. అది ముక్కు మీద తెలియడానికి ఇన్నేళ్ళు పట్టింది!

చుక్క వస్తోంది...

ఏడో రోజు. మధ్యాహ్నం గంట. ఛాతీ దగ్గరికి వచ్చేసరికి బరువు. రుబ్బురోలు పెట్టినట్టుంది. మూడేళ్ళుగా నాతో తిరుగుతున్న బరువే అది, నాకు తెలుసు. ఎప్పుడు అది లేచినా నేను ఫోను తీసేవాణ్ణి. ఇక్కడ ఫోను లేదు. పారిపోవడానికి పక్క మనిషి ముఖం కూడా లేదు. చూస్తూ కూర్చున్నాను.

అప్పుడు, పిలవకుండానే, ఒక క్యాబిన్ గుర్తొచ్చింది.

నాకు ఏడేళ్ళుంటాయి. నాన్నగారి క్యాబిన్‌లో రేకు పెట్టె మీద కూర్చున్నాను. రెండు ప్రొజెక్టర్లు. ఒకదాని మీద రీలు అయిపోతూంటే రెండోదాని మీద తర్వాతి రీలు సిద్ధంగా ఉండాలి. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాలు ఆడుతుంది. అయిపోయే ముందు తెర మీద కుడివైపు పైమూల ఒక చిన్న చుక్క మెరుస్తుంది. సెకనులో ఆరో వంతు! అది కనబడగానే రెండో మెషిన్ మోటారు ఆన్ చేయాలి. ఇంకో ఏడు సెకన్లకి రెండో చుక్క. అప్పుడు ఈ మెషిన్ వెలుగు మూసి ఆ మెషిన్ వెలుగు తెరవాలి. రెప్ప వేశారా, తెర తెల్లబోతుంది. హాల్లో ఈలలు, బూతులు!

నేనేదో వాగుతూంటే నాన్నగారు వేలు పెదవుల మీద పెట్టి, “ష్... చుక్క వస్తోంది” అన్నారు. నేను ఊపిరి బిగబట్టి తెర కుడిమూల చూశాను. చుక్క! టక్‌మని శబ్దం. కింద హాల్లో ఎవరికీ తెలీదు. ఆయన నావైపు చూసి నవ్వారు.

వేల ఆటలు వేశారు గానీ ఏ సినిమా కథ అడిగినా సరిగ్గా చెప్పలేకపోయేవారు. “నాకు రీళ్ళు తెలుసురా, కథ తెలీదు” అనేవారు. ముప్పయ్యేళ్ళు, ఆటకి పదిహేను సార్లు, రోజుకి నాలుగాటలు... ఆ ఒక్క చుక్క కోసం కళ్ళు తెరుచుకుని కూర్చున్న మనిషి! ఇప్పుడు నేను నేర్చుకోవడానికి వచ్చింది ఆయన ఉద్యోగమే! ఆసుపత్రిలో ఆ సాయంత్రం వచ్చింది కూడా చుక్కే. ఆయన కొడుకు రెప్ప వేశాడు.

ఏడ్చాను. చప్పుడు కాకుండా, కదలకుండా, గంట అయ్యేదాకా. ఎవరూ వచ్చి భుజం తట్టలేదు. ఆ బరువు మాత్రం ఉన్నచోట ఉండలేదు. పక్కకి జరిగింది, సన్నబడింది, మళ్ళీ పెరిగింది, మళ్ళీ తగ్గింది. మూడేళ్ళుగా కదలని రాయి అనుకున్నది రాయి కాదని ఆ గంటలో తెలిసింది.

మర్నాడు మధ్యాహ్నం ఆచార్యుణ్ణి కలిసే సమయంలో అడిగాను. “ఇలా ఇంకా కూర్చుంటే ఆయన అన్న మాట గుర్తొస్తుందాండీ?” అని. ఆయన నెమ్మదిగా, “విననిది ఎలా గుర్తొస్తుంది?” అన్నారు. తర్వాత, “ఇప్పుడు ఊపిరి తెలుస్తోందా?” అన్నారు. తెలుస్తోందన్నాను. “అది చాలు” అన్నారు.

పారిపోయినవాళ్ళు, తిరిగొచ్చినవాళ్ళు

మన సినీజనానికి ధ్యానం కొత్తేం కాదు. 1968లో బీటిల్స్ బృందం రిషీకేశ్‌లో మహర్షి మహేశ్ యోగి ఆశ్రమానికి వచ్చి, ధ్యానంతోపాటు బోలెడన్ని పాటలు కూడా కట్టుకుపోయింది. హిందీలో వినోద్ ఖన్నా మంచి ఊపులో ఉండగా 1982లో అన్నీ వదిలేసి రజనీశ్ వెంట అమెరికా వెళ్ళిపోయారు. 1987లో ‘ఇన్సాఫ్’తో మళ్ళీ తెర మీదికొచ్చారు. హాలీవుడ్ దర్శకుడు డేవిడ్ లించ్ 1973లో ధ్యానం మొదలుపెట్టి, పని మానకుండానే 2025లో పోయేదాకా వదల్లేదు.

వీటన్నిటికంటే నన్ను కదిలించింది ఒక 52 నిమిషాల డాక్యుమెంటరీ. 1994లో తీహార్ జైల్లో వెయ్యిమందికి పైగా ఖైదీలు ఒకేసారి విపశ్యన కోర్సులో కూర్చున్నారు. కిరణ్ బేడీ అప్పుడు జైళ్ళ ఉన్నతాధికారి. ఆ ప్రయోగం మీద ఇద్దరు ఇజ్రాయెలీ మహిళలు 1997లో ‘డూయింగ్ టైమ్, డూయింగ్ విపశ్యన’ తీశారు. హీరో లేడు, ఫైట్లు లేవు. చేసిన తప్పు నుంచి తప్పించుకోవడానికి నాలుగు గోడల మధ్య చోటు లేని మనుషులు దాన్ని కళ్ళు మూసుకుని చూస్తారు. వెళ్ళే ముందు చూసినప్పుడు ‘పాపం ఖైదీలు’ అనుకున్నాను. వచ్చాక చూస్తే వాళ్ళ పక్క వరసలో నేనూ కూర్చున్నట్టుంది.

మీరూ ఓ పది నిమిషాలు

పది రోజులు అందరికీ కుదరదు, అందరికీ తగదు కూడా. తీవ్రమైన మానసిక ఇబ్బందులున్నవాళ్ళు ముందు డాక్టర్ని అడగాలి. దరఖాస్తులో ఆ సంగతి దాచకూడదు. ధ్యానం మందులకి డూప్ కాదు!

కానీ పది నిమిషాలు కుదరదూ? వెన్ను నిటారుగా పెట్టి కుర్చీలోనైనా కూర్చోండి. కళ్ళు మూసుకోండి. ముక్కుపుటాల దగ్గర ఊపిరిని చూడండి. మనసు ఫ్లాష్‌బ్యాక్‌కి పోతుంది. తిట్టుకోకండి, వెనక్కి తీసుకురండి. డ్రీమ్‌సాంగ్‌కి పోతుంది. మళ్ళీ తీసుకురండి. వందసార్లు పోతే నూటొకటోసారి తీసుకురావడమే ఈ విద్య. పోకుండా ఉండటం కాదు!

నా సంగతా? మహాజ్ఞానినైపోలేదు. మొన్న ట్రాఫిక్‌లో ఆటో అతనితో పోట్లాడాను. నిద్ర కొంత తిరిగొచ్చింది, పూర్తిగా రాలేదు. కానీ ఒక మార్పు. శుక్రవారం మొదటి ఆటకి వెళ్ళి, పేర్లు పడకముందే ఫోను ఆపేస్తున్నాను. రివ్యూ ఇంటికొచ్చి రాస్తున్నాను. అరగంట ఆలస్యమవుతోందని మా ఎడిటర్‌గారు విసుక్కుంటున్నారు. అన్నట్లు, పందెం నేనే గెలిచాను. బిర్యానీ తింటున్నంతసేపూ ఆయన ఫోన్లోనే ఉన్నారు!

పదకొండో రోజు పొద్దున గేటు దగ్గర ఫోను ఇచ్చారు. ముందు అమ్మకి చేశాను. ఇక దాచలేకపోయాను. “అమ్మా, ఆ సాయంత్రం నాన్నగారు ఏం చెప్పారో నేను వినలేదు. నీకు అబద్ధం చెప్పాను” అన్నాను.

అటువైపు చాలాసేపు మాట లేదు. పది రోజుల మౌనం ఒక ఎత్తు, ఆ కొన్ని క్షణాలు ఒక ఎత్తు.

“తెలుసు నాన్నా” అంది చివరికి. “నన్ను జాగ్రత్తగా చూసుకోమని ఒకళ్ళకి చెప్పే మనిషా ఆయన? చచ్చినా చెప్పరు.” ఆగి అడిగింది, “అప్పుడు ఏదో సినిమా గురించి రాస్తున్నావు కదూ... బాగా ఆడిందా అది?”

“లేదమ్మా. రెండో వారమే ఎత్తేశారు.”

అమ్మ ఏమీ అనలేదు. కాసేపటికి ఎప్పుడూ అడిగేదే అడిగింది.

“టిఫిను తిన్నావా?”

ఎన్ని వేలసార్లు అడిగి ఉంటుందో. ‘ఆఁ... ఆఁ’ అనేసేవాణ్ణి. ఆ రోజు మాత్రం గేటు పక్కన చెట్టుకింద నిలబడి ఏం తిన్నానో, ఎంత తిన్నానో, చట్నీ ఎలా ఉందో అన్నీ చెప్పాను. అమ్మ అన్నీ వింది. తర్వాత తను మొదలుపెట్టింది. నేను విన్నాను.